అద్దము లేని కెమెరాకు పాత కటకము

ఫిలిము కెమెరాలు మూలబడినప్పుడు వాటితోపాటు మూలబడిన కటకములు మన ఇండ్లలో ఇంకను చాల కలవు. తండ్రిగారు ఒకప్పుడు మోజుపడి కొన్న జెనిత్, మేనమామ విదేశమునుండి వచ్చుచు తెచ్చిన పెంటాక్స్, మూతపడిన స్టూడియోనుండి బంధువుల ఇంటికి చేరిన నికాన్ - ఇవి బీరువా పై అరలో, తోలు సంచులలో, దుమ్ము పట్టి పడియున్నవి. కెమెరా పెట్టె పనిచేయకపోవచ్చును. షట్టరు బిగిసియుండవచ్చును. దానిలో వేయు ఫిలిము మన పట్టణములలో దొరకుట కష్టము. కాని ముందున్న గాజుకన్ను చెడితీరవలెనను నియమము లేదు. అరువది ఏండ్ల క్రిందట సానపట్టిన కటకము, తేమ బారిన పడకున్నచో, ఆనాడు కాంతిని ఎట్లు వంచెనో ఈనాడును అట్లే వంచును. దీనిని పాత సామానులవానికి తూకమునకు అమ్మివేయవలెనా, దాచవలెనా, దాచినచో దేనికి పనికివచ్చును అను ప్రశ్న అనేక కుటుంబములలో ఇల్లు మారునప్పుడు గాని, పెద్దవారు గతించిన పిమ్మట సామాను సర్దునప్పుడు గాని తలయెత్తును. అప్పటి తొందరలో తీసికొను నిర్ణయము సాధారణముగా కటకమునకు అనుకూలముగా ఉండదు. అందుచేత ఆ విషయమును ఇక్కడ కొంత తీరికగా విచారింతము.

మిర్రర్‌లెస్ అను కెమెరాలు వచ్చిన తరువాత ఈ కటకములకు రెండవ ఆయుష్షు కలిగినది. ఎందుచేత కలిగినదో తెలియవలెనన్న, ముందుగా ఆ లేకపోయిన అద్దమేదో తెలిసికొనవలెను.

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అను పాతతరపు కెమెరాలో కటకమునకును ఫిలిమునకును నడుమ 45 డిగ్రీల వాలుగా ఒక అద్దముండును. కటకమునుండి వచ్చు ప్రతిబింబమును అది పైకి మరల్చి మన కంటికి చూపును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, ఫిలిము మీద వెలుగు పడును, అద్దము మరల దిగును. ఆ అద్దము లేచి దిగుటకు చోటు కావలెను గదా! అందుచేత కటకమును ఫిలిమునకు నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్ల దూరమున నిలుపక తప్పలేదు. కటకము వచ్చి ఆను లోహపు అంచునుండి ఫిలిము తలము వరకు గల ఈ దూరమే మన కథకు ఆయువుపట్టు. 1949లో డ్రెస్డెన్ నగరమున తయారైన కాంటాక్స్ ఎస్ నుండి వాడుకలోనికి వచ్చిన 42 మిల్లీమీటర్ల మరచుట్టు పద్ధతిలో ఈ దూరము 45.46 మి.మీ. నికాన్ సంస్థ 1959లో తెచ్చిన ఎఫ్ పద్ధతిలో 46.5. మినోల్టాలో 43.5. కేనన్ ఎఫ్.డి. పద్ధతిలో 42. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క కొలత పెట్టుకొన్నది. ఒకరి కటకము మరియొకరి పెట్టెకు పట్టకుండుట వ్యాపారమునకు మంచిదే.

డిజిటల్ యుగమున అద్దము పని తీరినది. ఫిలిము స్థానమున నున్న సెన్సారు తానే ఎల్లప్పుడును చూచుచుండి, చూచినదానిని చిన్న తెర మీద మనకు చూపగలుగుచున్నది. 2008లో పానసోనిక్ సంస్థ జి-1 అను కెమెరాను విడుదల చేసి ఈ మార్గమును తెరచినది. 2013లో సోనీ సంస్థ పాత ఫిలిము చట్రమంత, అనగా 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గల సెన్సారును ఇట్టి చిన్న పెట్టెలో అమర్చినది. 2018లో నికాన్, కేనన్ సంస్థలును ఇదే త్రోవ పట్టినవి. అద్దము తొలగినందున కటకము సెన్సారునకు దగ్గరగా జరుగుటకు వీలు కలిగినది. సోనీలో ఆ దూరము 18 మి.మీ. మాత్రమే, నికాన్ జెడ్ పద్ధతిలో 16, కేనన్ ఆర్.ఎఫ్. పద్ధతిలో 20.

ఇప్పుడు లెక్క సులభము. మరచుట్టు కటకమునకు 45.46 మి.మీ. దూరము కావలెను. సోనీ పెట్టె 18 ఇచ్చుచున్నది. మిగిలిన 27.46 మి.మీ. పొడవు గల ఒక బోలు గొట్టమును నడుమ నిలిపినచో కటకము తన పూర్వస్థానమునందే ఉన్నట్లు తలచును. ఆ గొట్టమునే అడాప్టరు అందురు. అందులో గాజు లేదు, విద్యుత్తు లేదు. ఇవతల ఒక సంస్థ మర, అవతల మరియొక సంస్థ కొక్కెము, అంతే. పాత అద్దపు కెమెరాల కటకములు దాదాపు అన్నియు ఏ మిర్రర్‌లెస్ పెట్టెకైనను ఇట్లు అమరగలవు. దీనికి ముందు ఈ సౌకర్యము లేదు. మరచుట్టు కటకమును నికాన్ అద్దపు కెమెరాకు తగిలింపవలెనన్నచో ఒక మిల్లీమీటరు చోటు తక్కువ పడును. ఒక మిల్లీమీటరేగదా అనరాదు. 50 మి.మీ. కటకమునకు ఆ ఒక్క మిల్లీమీటరు తేడా వలన రెండున్నర మీటర్లకు ఆవల నున్నదేదియు స్పష్టముగా కనబడదు. గది లోపలి మనిషి కనబడును, వీధి కనబడదు. 1987లో కేనన్ సంస్థ కొత్త పద్ధతికి మారినప్పుడు దాని ఎఫ్.డి. కటకములు ఇట్లే అనాథలైనవి. పాతవానికి 42 కావలెను, కొత్త పెట్టె 44 అడిగినది. రెండు మిల్లీమీటర్ల వలన ఒక తరపు కటకములు పాత దుకాణముల పాలైనవి. వానిని మరల కాంతిలోనికి తెచ్చినది ఈ అద్దము లేని కెమెరాయే.

ఇదే సూత్రము అడాప్టరు కొనువారికిని హెచ్చరిక. చౌకగా దొరకు గొట్టములు కొన్ని కొలత తప్పి యుండును. గొట్టము పదవవంతు మిల్లీమీటరు మందమైనను, 50 మి.మీ. కటకము 25 మీటర్లకు ఆవల చూడజాలదు, 28 మి.మీ. కటకమైనచో ఎనిమిది మీటర్లకే దాని చూపు ఆగిపోవును. అందుచేత తయారీదారులు తెలివిగా గొట్టమును ఆవగింజంత పలుచన చేయుదురు. అప్పుడు దూరమునకు లోటు రాదు గాని, కటకముపై అనంతమును సూచించు గుర్తు సరిగానుండదు. కొండను తీయునప్పుడు వలయమును చివరంట త్రిప్పి నిశ్చింతగా నుండక, తెరలో చూచి నిలుపవలెను.

ఒక్క నిరాశ వార్త కూడ చెప్పవలెను. మన స్టూడియోలలో చిరకాలము సేవ చేసిన యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్ వంటి జంట కటకముల పెట్టెలనుండి కటకమును ఇట్లు ఊడదీసి వాడుట సాధ్యము కాదు. వాని కటకము షట్టరుతో కలిసి పెట్టెకే బిగింపబడియుండును. అట్టివి ఇంటిలోనున్నచో విప్పక పెట్టెతోనే ఉంచుకొనుట మంచిది.

ఇంత శ్రమపడి తగిలించిన కటకము ఏమి ఇచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము కటకముల పుట్టుపూర్వోత్తరములలో నున్నది. 1893లో ఇంగ్లండునందు డెన్నిస్ టేలర్ మూడు గాజులతో ఒక కటకమును రూపొందించెను. 1902లో జర్మనీలోని జైస్ సంస్థయందు పాల్ రుడాల్ఫ్ నాలుగు గాజులను మూడు జట్లుగా కూర్చి టెస్సార్ అను కటకమును చేసెను. తరువాత వచ్చిన లెక్కలేనన్ని కెమెరాలకు అదే మూలము. అదే సంస్థలో విల్లీ మెర్టే రూపొందించిన బయోటార్ వంశమున 58 మి.మీ. కటకము ఒకటి 1930వ దశకమున వెలువడినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆ నమూనాయే మాస్కో సమీపమునందలి క్రాస్నోగోర్స్క్ కర్మాగారమున హీలియోస్-44 అను పేరు దాల్చి, జెనిత్ కెమెరాల ముందు కూర్చుండినది. ఆరు గాజులు, నాలుగు జట్లు. మన బీరువాలోని జెనిత్‌కు ఉన్నది ఇదియే కావచ్చును.

గాజుల సంఖ్య ఏల చెప్పుచున్నామనగా, గాలినుండి గాజులోనికి, గాజునుండి గాలిలోనికి కాంతి మారు ప్రతి తలము వద్దను, పూత లేని గాజు నూటికి సుమారు నాలుగు వంతుల వెలుగును వెనుకకు కొట్టివేయును. టెస్సార్‌లో అట్టి తలములు ఆరు. కనుక నూటికి ఇరువదిరెండు వంతులు పోవును. బయోటార్‌లో ఎనిమిది, ఇరువదియెనిమిది పోవును. పోయిన వెలుగు పోయి ఊరకుండదు. గాజుల నడుమ అటునిటు తిరిగి, చివరకు చిత్రము మీద పలుచని పొగమంచువలె పరచుకొనును. నలుపు నలుపుగా నుండక బూడిద రంగుకు తిరుగును. పైన చెప్పిన టేలరే ఒక వింతను గమనించెను. ఏండ్ల తరబడి గాలికి మాసి, రంగు మారిన పాత కటకములు కొత్తవానికంటె ఎక్కువ వెలుగును పంపుచున్నవి! మాసినదని మనము నిందించు ఆ పలుచని పొరయే పరావర్తనమును తగ్గించుచున్నదని ఆయన గ్రహించెను. 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకూలా ఆ పొరను కావలసిన మందమున కావలెనని వేయు విధానమును సాధించెను. కటకము ముఖమున కనబడు నీలి, ఊదా మెరుపు దాని చిహ్నమే. 1970వ దశకమునుండి పొర మీద పొరగా అనేక పూతలు వాడుకలోనికి వచ్చినవి.

కాబట్టి పాత కటకపు గుణమని నేడు మెచ్చుకొనబడుచున్నది చాలవరకు ఆనాటివారు దోషమని భావించి తొలగింపజూచినదే. వెనుకనుండి వెలుగు వచ్చునప్పుడు చిత్రము మెత్తబడుట, అంచులు నీడబారుట, ముఖము వెనుకనున్న ఆకులు సుడి తిరిగినట్లు కనబడుట - ఇవియే ఆ గుణములు. హీలియోస్ సుడికి మంత్రమేమియు లేదు. చట్రము మూలలకు ఏటవాలుగా పోవు కాంతిని కటకపు గొట్టము కొంత అడ్డగించుటచే అచ్చటి వెలుగు చుక్కలు గుండ్రముగా నుండక పిల్లి కన్నువలె సాగును. మూలల వద్ద కటకపు దిద్దుబాటు పూర్తి కానందున ఆ సాగుడు కేంద్రము చుట్టును వలయముగా కనబడును. ఒక పెండ్లికూతురు ముఖము వెనుక మామిడాకులు అట్లు తిరిగినచో అందముగనే యుండును. పదునారు చిత్రములలో పదునారును అట్లే తిరిగినచో చూచువారి తల తిరుగును. ఇప్పటి వేలంవెర్రి వలన కొన్ని మామూలు కటకములకు వాటి యోగ్యతకు మించిన వెల పలుకుచున్నదని మా అభిప్రాయము. ఇంటిలో ఉన్నదానిని వాడుకొనుటలో గల లాభము, కొత్తగా వెల పోసి కొనుటలో లేదు. పదును, వేగము, నమ్మకము మాత్రమే కావలసినవారికి నేటి సాధారణ కటకమే పాతదానికన్న మేలు.

అయినను కొనదలచినవారు, హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారపు సంతలోనైనను, తెలిసినవారి వద్దనైనను, వెల అడుగుటకు ముందు కటకమును దీపము ముందు పట్టి చూడవలెను. చేతిదీపమును ఒక ప్రక్కనుండి వేసి, మరియొక ప్రక్కనుండి వాలుగా చూచినచో లోపలి రహస్యమంతయు బయటపడును. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. గాజంతయు పాలు పోసినట్లున్నచో నూనె ఆవిరి పట్టినది. అంచున ఇంద్రధనుస్సు వంటి రంగులు మెరసినచో రెండు గాజులను అతికిన జిగురు విడుచుచున్నది. దీనికి మన ఊళ్లలో వైద్యము లేదు. రంధ్రమును పెద్దది చిన్నది చేయు పలుచని రేకుల మీద నూనె తడి యున్నచో అవి అతుక్కొనును. ముందు గాజుపై ఒకటి రెండు గీతలున్నంతమాత్రమున భయపడనక్కరలేదు. చిత్రములో అవి కనబడవు. వెనుక గాజుపై గీత మాత్రము హాని చేయును.

కొన్ని కటకములు కాచిన నేయివలె పసుపుపచ్చగా నుండును. 1940 మొదలు 1970 ప్రాంతము వరకు కాంతిని బాగుగా వంచుటకై కొన్ని గాజులలో థోరియం కలిపెడివారు. పెంటాక్స్ కెమెరాలకు వచ్చిన సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 అట్టిది. థోరియం స్వల్పముగా కిరణములను వెలువరించు ధాతువు. ఆ కిరణములే ఏండ్ల తరబడి గాజును పసుపుబార్చినవి. కెమెరాకు తగిలించి చిత్రములు తీసికొనుటలో భయపడవలసినంత లేదు. కాని దానిని పగులగొట్టరాదు, సానపట్టరాదు, కంటికి ఆనించి చూచు భూతద్దముగా వాడరాదు, పిల్లల ఆటకు ఈయరాదు. అతినీలలోహిత కాంతి తగిలినచో ఆ పసుపు క్రమముగా విరిగిపోవును. అట్టి కాంతినిచ్చు చిన్న దీపము క్రింద కొన్ని దినములుంచుట, ఎండలో పెట్టుటకంటె క్షేమము. ఎండలో మూత తీసియుంచిన కటకము భూతద్దమై బల్లను కాల్చగలదు. అద్దము లేని కెమెరాకును ఇదే ప్రమాదము కలదు. సెన్సారునకు అద్దపు అడ్డు లేదు. సూర్యునివైపు తిరిగియున్న కటకము దానిని గాని షట్టరు తెరను గాని మాడ్చివేయగలదు. పని లేనప్పుడు మూత వేయవలెను.

ఇక వాడుక. కటకమును తగిలించి మీట నొక్కినచో అనేక కెమెరాలు పలుకవు. విద్యుత్తు సంబంధము లేని కటకమును అవి గుర్తింపజాలక, కటకమే లేదని తలచుచున్నవి. కటకము లేకున్నను షట్టరు విడువుమని అమరికలలో ఒక ఆజ్ఞ ఈయవలెను. చేతివణకును సరిదిద్దు యంత్రము పెట్టెలోనే యున్నచో, దానికి కటకపు నాభ్యంతరము ఎంతయో, అనగా 50 లేక 58 లేక 135 అని, మనమే చెప్పవలెను. చెప్పకున్నచో అది తప్పుడు లెక్క వేసి ఉన్న వణకును పెంచును. రంధ్రమును కటకముపైనున్న వలయముతో త్రిప్పుకొనవలెను. కాంతి ఎంతసేపు పడవలెనో కెమెరా తానే కొలిచి నిర్ణయించును. కొన్ని మరచుట్టు కటకములకు వెనుక చిన్న పుల్ల యుండును. దానిని అడాప్టరు లోనికి నొక్కిపట్టనిచో రంధ్రము ఎంత త్రిప్పినను మూసికొనదు.

స్పష్టత కుదుర్చుట ఒక్కటే అలవాటు కావలసిన పని. ఇది రేడియోలో స్టేషను పట్టుకొనుటకు మిక్కిలి దగ్గరి విద్య. మీట త్రిప్పుచు స్టేషను దాటి కొంచెము ముందుకు పోయి, మరల వెనుకకు వచ్చి, రెంటి నడుమ స్వచ్ఛముగా పలికినచోట ఆపుదుము గదా! పాత వాల్వు రేడియోలలో స్టేషను కుదిరినప్పుడు నీడ సన్నగిల్లు పచ్చని కన్ను ఒకటి యుండెడిది. ఈ కెమెరాలలోను అట్టి సాయమున్నది. స్పష్టమైన అంచులు తెర మీద ఎర్రగానో పచ్చగానో మెరయును. కాని ఆ మెరుపును పూర్తిగా నమ్మరాదు. దగ్గరి ముఖమును తీయునప్పుడు తెరను అయిదింతలో పదింతలో పెద్దది చేసి కంటి రెప్ప వెండ్రుకలను చూచి ఆపవలెను. 58 మి.మీ. కటకముతో ఎఫ్/2 వద్ద ఒక మీటరు దూరమున స్పష్టముగా నుండు మందము మూడు నాలుగు సెంటీమీటర్లే. ముక్కు కొన తేటగా నుండి కన్ను మసకబారుట ఎంతసేపు! మొదట ఎఫ్/4 వద్ద అభ్యసించి, చేయి కుదిరిన పిమ్మట పెద్ద రంధ్రమునకు పోవుట మంచిది.

సెన్సారు చిన్నదైన కెమెరాలలో పాత కటకము చూపు ఇరుకగును. ఏ.పి.ఎస్.-సి అను పరిమాణమున 58 మి.మీ. కటకము సుమారు 87 మి.మీ. కటకమువలె కనబరచును. ముఖచిత్రములకు ఇది లాభమే. ఇరుకు గదిలో పదిమంది కుటుంబమును తీయుటకు నష్టము.

కటకము సంగతి ఇంతవరకు చెప్పి, దాని జతగాడగు రా ఫైలును గూర్చి చెప్పకున్నచో సగమే చెప్పినట్లు. రా అనగా ముడి. ఫిలిము రోజులలో నెగటివు ఎట్టిదో, నేడు ముడి ఫైలు అట్టిది. కెమెరా తానే తయారుచేసి యిచ్చు జెపెగ్ చిత్రము, స్టూడియోవారు కడిగి యిచ్చిన ఫోటో కాగితము వంటిది. ఫోటోలు పంచిపెట్టి నెగటివు పారవేయు స్టూడియో యజమాని ఆనాడు ఎవడును లేడు.

సెన్సారునకు స్వతహాగా రంగు తెలియదు. ఎంత వెలుగు పడినదో మాత్రమే తెలియును. దానిపై చిన్న చిన్న రంగు గాజులను గళ్లుగా పరచి రంగును రాబట్టు ఉపాయమును కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ కనిపెట్టెను. 1976లో దానికి పేటెంటు లభించినది. నాలుగు గళ్లలో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలము. మానవుని కన్ను పచ్చని కాంతి ద్వారా సూక్ష్మవివరములను ఎక్కువగా గ్రహించుటచే దానికి రెండు గళ్లు. ఈ గళ్ల లెక్కలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి యుంచినదే ముడి ఫైలు. ఒక్కొక్క గడిలో వెలుగును 14 బిట్లతో కొలిచినచో 16,384 మెట్లు వచ్చును. జెపెగ్‌లో ఒక్కొక్క రంగునకు మిగులునవి 256 మెట్లే. కెమెరా తన అభిరుచి ప్రకారము రంగు కూర్చి, కాఠిన్యము పెంచి, మిగిలినదానిని వదలివేసినది. ఆ వదలినది మరల రాదు.

పాత కటకము వాడువారికి ఈ మెట్ల అవసరము ఇతరులకన్న ఎక్కువ. మేమొక ఉదాహరణ చెప్పెదము. బంధువుల ఇంట ఎనుబది దాటిన అమ్మమ్మగారిని సాయంకాలము వసారాలో, వెనుక కిటికీ వెలుగు ఉండగా, హీలియోస్‌తో తీసితిమి. ఆమె ధరించినది తెల్లని నేతచీర. కెమెరా ఇచ్చిన జెపెగ్‌లో చీర అంచు తెల్లని అట్టముక్కవలె నుండెను, ముఖము పొగ కమ్మినట్లుండెను, చిత్రమంతయు పసుపు. ముడి ఫైలును తెరచి చూడగా చీర మడతలు అందులో భద్రముగా నున్నవి. మొదట తెలుపును సరిచేసితిమి. ముడి ఫైలులో తెలుపు ఏదియో ఇంకను నిర్ణయింపబడలేదు గనుక, కటకపు పసుపును సాయంకాలపు పసుపును ఏ నష్టమును లేక విడదీయవచ్చును. ఆమె ముఖమునకు సాయంకాలపు వెచ్చదనము కొంత ఉండనిచ్చి, గాజు పసుపును మాత్రము తగ్గించితిమి. పిమ్మట నలుపు మట్టమును దించితిమి. పాత కటకము పరచిన పొగమంచు ముఖ్యముగా నీడలను తేలగొట్టును గనుక, ఈ ఒక్క మార్పుతోనే చిత్రము నిలబడును. ఇక్కడ తొందరపడి చిత్రమంతటికిని కాఠిన్యము పెంచినచో ముఖపు ముడుతలు గాట్లవలె కనబడును. ముసలివారి ముఖమునకు పాత కటకము చూపు మర్యాదను మనము చెరుపరాదు.

చీర మడతలు దక్కుటకు ఒక కారణమున్నది. తీయునప్పుడే తెలుపు కోలుపోకుండ, వెలుగును కొంచెము తక్కువగా పడనిచ్చితిమి. సెన్సారులో గడి నిండినచో పొంగిపోయినట్లే. అవతల ఎంత యుండెనో ఎవ్వరును చెప్పలేరు. అట్లని మరీ చీకటి చేయరాదు. 14 బిట్ల ఫైలులో మిక్కిలి వెలుగైన మొదటి అంతరమునకే సగము మెట్లు, అనగా 8,192, చెల్లును, దాని క్రింది దానికి 4,096, ఆపై 2,048. ఇట్లు దిగుచు పోయి చీకటి నీడలకు మిగులునవి పదులలోనే. అక్కడినుండి లాగి పైకి తెచ్చినచో గరుకు గింజలు తేలును. కనుక తెలుపు పొంగకుండ, నీడ ఎండకుండ పట్టవలెను. తెర మీద వెలుగు పట్టికను చూపు సదుపాయము ఇందులకే యున్నది.

చట్రపు అంచుల చీకటి, అంచులలోని రంగు గీతలు వేరు సంగతి. కొత్త కటకములైనచో కెమెరాయే వాని దోషములను ఎరిగి తానే దిద్దును. పాత కటకము పేరు కూడ ఫైలులో నమోదు కాదు, మనమే దిద్దవలెను. కొమ్మల అంచున ఒక ప్రక్క ఎరుపు, ఒక ప్రక్క నీలముగా కనబడు గీతలు సులభముగా తొలగును. ఎండలో మెరయు ఇత్తడి చెంబు అంచున ఊదా రంగు పట్టునే, అది మొండిది. రంధ్రమును రెండు మెట్లు తగ్గించి తీయుటయే దానికి మందు. రేంజిఫైండరు కెమెరాల కొరకు చేసిన వెడల్పు చూపు కటకములు మరియొక తంటా తెచ్చును. వాని వెనుక గాజు సెన్సారునకు చాల దగ్గరగా వచ్చి, మూలలకు కాంతిని మిక్కిలి ఏటవాలుగా పంపును. ఫిలిము దానిని సహించెడిది. గాజు పొర కప్పిన సెన్సారు సహింపదు. మూలలు ఊదారంగు తిరిగి, అలికినట్లగును. అదే కటకముతో తెల్లని గోడను సమానమైన వెలుగులో ఒకసారి తీసి యుంచుకొన్నచో, దానిని కొలబద్దగా పెట్టుకొని రంగును సరిచేయవచ్చును. రా థెరపీ అను ఉచిత కార్యక్రమములో ఇందులకు ప్రత్యేకమైన ఏర్పాటున్నది. డార్క్‌టేబుల్ అనునది మరియొక ఉచిత సాధనము. ఈ పని నేర్చుకొనుటకు ఇవి రెండును చాలును. వెల పెట్టి కొనవలసినవాని కొరకు తొందరపడ నక్కరలేదు.

దిద్దుబాటు ఎక్కడ ఆపవలెను? అంచుల చీకటి, సుడి, మెత్తదనము అన్నియు తుడిచివేసినచో పాత కటకము వాడిన ఫలమేమి? మాకు తోచినది, ముఖమునకు అడ్డువచ్చుదానిని దిద్ది, అడ్డురానిదానిని విడిచిపెట్టవలెనని. అమ్మమ్మగారి చిత్రమున మూలల చీకటిని మేము ముట్టుకొనలేదు.

ఫైలులను దాచు విషయమున కుటుంబములు నష్టపోవుచున్నవి. ఒక్కొక్క సంస్థ ముడి ఫైలునకు ఒక్కొక్క తోక పెట్టినది; ఇరువది ఏండ్ల తరువాత దానిని తెరువగల సాధనముండునో లేదో నిశ్చయము లేదు. 2004లో అడోబీ సంస్థ డి.ఎన్.జి. అను బహిరంగ రూపమును ప్రకటించినది. ముడి ఫైలును దానిలోనికి మార్చుకొనవచ్చును. మరియు మనము చేసిన దిద్దుబాట్లు ముడి ఫైలులో వ్రాయబడవు. ప్రక్కన చిన్న ఫైలులో గాని, కార్యక్రమపు పద్దులో గాని ఉండును. ముడి ఫైలు ఒక్కటే నకలు తీసి యుంచినవారికి దిద్దని చిత్రమే మిగులును. కనుక ముఖ్యమైన చిత్రములకు ముడి ఫైలును, దాని దిద్దుబాటును, పూర్తియైన జెపెగ్‌ను మూడింటిని కలిపి, రెండు వేర్వేరు డిస్కులలో, వీలైనచో రెండు వేర్వేరు ఇండ్లలో ఉంచవలెను. పదింటిని కాగితముపై ముద్రింపించుట అన్నిటికన్న మేలు. దానిని చూచుటకు ఏ యంత్రమును అక్కరలేదు. కటకము పేరు, తీసిన దినము, చిత్రములోనివారి పేర్లు ఒక పుస్తకములో వ్రాసి యుంచుట కూడ అవసరమే, ఏలయన కెమెరాకు ఆ కటకమెవరో తెలియదు.

కటకమును దాచుట ఇంకొక సంగతి. విశాఖపట్టణమునుండి నెల్లూరు వరకు గల తీరమందు వానకాలపు తేమ దానికి ప్రథమశత్రువు. గాలిలో తేమ నూటికి అరువది దాటి దినముల తరబడి నిలిచినచో గాజు మీద బూజు మొలచును. అది ఊరక పరచుకొనక, విడుచు ఆమ్లముచే పూతను తినివేయును. పిమ్మట బూజును తుడిచినను దాని మచ్చ పోదు. అందమైన తోలు సంచియే బూజునకు పుట్టినిల్లు. చెమ్మను పీల్చి దాచుకొనును గనుక, కటకమును అందులోనుండి తక్షణము తీసివేయవలెను. బియ్యపు డబ్బాలో పెట్టు అలవాటును మంచిది కాదు. ఆ పిండి సందులలో దూరును. బిగువైన మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచి, చిన్న తేమమాపకము నొకదానిని అందులో వేసి, సూచిక నలుబది ఏబదుల నడుమ నిలుచునట్లు చూచుకొనవలెను. బూజు పట్టిన కటకమును తక్కినవానితో కలిపి యుంచరాదు. నెలకొకసారి బయటకు తీసి, వలయములను చివరినుండి చివరకు నాలుగు సార్లు త్రిప్పి, వెలుగున చూచి మరల లోపల పెట్టవలెను. నీలిరంగు సిలికా గింజలు తేమ త్రాగి గులాబీ రంగునకు తిరిగినప్పుడు పారవేయ నక్కరలేదు. పొడి మూకుడులో సన్నని సెగపై వెచ్చచేసినచో మరల నీలముగ మారును. ఆ మూకుడును మాత్రము తిరిగి వంటకు వాడరాదు.